పోస్టుమార్టం కాగితం

వంశచరిత్ర రాద్దామని పాత కాగితాలు స్కాన్ చేస్తున్న నాగవల్లి మీద పెదనాన్న శ్రీనివాసరాజు విరుచుకుపడ్డాడు. లాప్‌టాప్‌ను నేలకేసి బద్దలుకొట్టి, జుట్టు పట్టి ఆమె తలను గోడకు మోదాడు.

“ఆ పోస్టుమార్టం రిపోర్టు చింపెయ్! మా అమ్మ కాలవలో పడి చచ్చిపోయింది. అంతే!”

నాగవల్లి నోట్లోని రక్తం ఉమ్మేసింది. “తల పగిలి చనిపోయిందని రాసుందండి. తాతయ్యే కొట్టి చంపాడు. ఆయన పరువు కోసం నన్నూ చంపుతారా?”

శ్రీనివాసరాజు పిడికిలి సడలింది.

“ఆయన పరువు ఎవడిక్కావాలే? తలుపు తియ్యరా అని అమ్మ లోపల్నించి అరుస్తానే ఉంది. నాన్న చెప్పాడని బయట గడియ పెట్టింది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.”

డెబ్బయ్యేళ్ళ మనిషి నేలమీద కూలబడ్డాడు. నాగవల్లి పెదవి తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

“ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా పెదనాన్నా?”

“ఎవరూ అడగలేదమ్మా.”