ఏడో బోరు

ఆ కన్సల్టెన్సీలో ఇప్పుడు డిజైన్లన్నీ యంత్రమే చేస్తుంది. ఇంజినీర్లు సంతకాలు పెడతారు. ఒక్కో డ్రాయింగు మీద నాలుగు నిమిషాలు చూపు నిలపాలన్నది చట్టం. మధ్యాహ్నానికే హైమవతి కళ్లు మండుతున్నాయి.

ముప్పై ఒకటో డ్రాయింగు, వాగు మీద బస్సులు తిరిగే వంతెన. నడిమి స్తంభానికి పునాది లోతు రెండు మీటర్లే. ఆధారంగా యంత్రం పాత నేల పరీక్ష నివేదిక చూపించింది: ఆ స్తంభం చోట తవ్విన ఏడో బోరులో, రెండు మీటర్ల లోతున గట్టి రాయి. కింద సంతకం హైమవతిదే, ఇరవై ఆరేళ్ల నాటిది.

ఆ రోజు బోరు బండి చెడిపోయింది. "ఆరో బోరు అంకెలే కాస్త అటూ ఇటూ చేసి రాసెయ్యమ్మా, నేలంతా ఒకటేగా" అన్నాడు అప్పటి పై అధికారి. ఏడో బోరు అసలు వేయనేలేదు.

డ్రాయింగు తిప్పి పంపాలంటే కారణం రాయాలి. రాస్తే లైసెన్సు పోతుంది. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉన్నాయి.

పక్క సీటులోని ప్రభంజన్ తొంగిచూశాడు. "నొక్కేయండి మేడమ్. మన సంతకాలు ఎవడు చూస్తాడు?"

"అప్పుడు మేమూ అదే అనుకున్నాం."

ఆమె టైపు చేసింది: 'ఏడో బోరు వేయలేదు. అంకెలు నేనే కల్పించాను.'

వెంటనే తెర మీద ప్రశ్న వచ్చింది: 'నమోదైంది. మీ పాత నివేదికల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయా?'

హైమవతి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ప్రభంజన్, మా ఆయనకు ఫోన్ చేసి, ఇవాళ నాకు ఆలస్యమవుతుందని చెప్పవా?"