మూడు వేళ్ళ తేడా

"ఆ అట్టముక్క దేనికి?"

కోడలి చేతిలో కట్టర్ ఆగిపోయింది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. నాలుగు రోజుల కిందట వచ్చిన కొత్త కళ్ళద్దాలు ఆవిడ ముక్కు మీద తళతళలాడుతున్నాయి.

"మీరు పడుకున్నారనుకున్నాను అత్తయ్యా!"

"అనుకుంటావు. పెట్టెకి అడుగొకటి, పక్కలు నాలుగు. మూత అదిగో, అయిపోయింది. మరి ఇదెక్కడిది?"

"కొలత తప్పింది. పారేసేదే."

పారేసేదాని అంచుల్ని అంత శ్రద్ధగా ఎవరైనా గరుకు కాగితంతో రుద్దుతారా? అత్తగారు ఆ అంచుని వేలితో తడిమి చూసింది. అట్టపెట్టెల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి దగ్గరా ఈ వేషాలు!

కార్ఖానా మానేసినప్పటి నుంచీ ఆవిడకి కార్డులే లోకం. రంగు కాగితాలు కత్తిరించి, మడిచి, పూలూ ఆకులూ అతికించి పుట్టినరోజు కార్డులు చేస్తుంది. వెనక ఓ మూలన నీలం కాగితపు పిట్ట ఆవిడ గుర్తు. ఆ పిట్ట ఉంటే చాలు, వీధి చివరి స్టేషనరీ షాపాయన మారుమాట లేకుండా తీసుకుంటాడు. ఈ వయసులో తనకంటూ మిగిలిన పేరు అదొక్కటే. దాని జోలికొస్తే ఆవిడ దేవుణ్ణయినా వదలదు. మోకాళ్ళు మొరాయించాక కార్డుల్ని ప్రతి శనివారం షాపుకి చేరవేసే పని మాత్రం కోడలిది.

కొత్త కళ్ళజోడు వచ్చిందో లేదో, ఇంట్లో అన్నీ కనబడడం మొదలైంది. ఫ్యాను రెక్కల మీద బూజు. కొడుకు కాలరు మీద మరక. కోడలి వేళ్ళకి ఎండిన జిగురు. అన్నిటికీ మించి, చెత్తబుట్టలో నీలం కాగితం తునకలు. జోడు అలవాటయ్యేదాకా కత్తెర ముట్టకూడదని తను చేతులు కట్టుకుని కూర్చుంది కదా, మరి ఈ తునకలు ఎవరు కత్తిరించినట్టు?

సాయంత్రానికి పెట్టె తయారైంది. పైన పూల కాగితం, లోపల అరలు.

"మీ కార్డులు నలగకుండా ఉంటాయని చేశానత్తయ్యా" అంది కోడలు.

"ఎంత బాగా చేసిందో చూడమ్మా" అన్నాడు కొడుకు.

అత్తగారు చూడలేదు, కొలిచింది. బయట తొమ్మిది వేళ్ళ ఎత్తు. లోపల చెయ్యి పెడితే ఆరే.

"మూడు వేళ్ళు ఎటు పోయాయిరా?"

"అట్ట మందం అయ్యుంటుందమ్మా."

"మూడు వేళ్ళ అట్టతో పెట్టెలు చెయ్యరు నాయనా, గోడలు కడతారు."

కోడలు నవ్వలేదు. పెట్టె తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు మోకాళ్ళని తిట్టుకుంటూ షాపుకి వెళ్ళింది.

"ఎన్నాళ్ళకొచ్చారమ్మగారూ!" షాపాయన స్టూలు వేశాడు.

"మా కోడలు నావి కాకుండా వేరే కార్డులేమైనా తెస్తోందా?"

"అబ్బే! పిట్ట లేనిదే నేను ముట్టుకుంటానా? వేసవిలో ఒక్క వారం మాత్రం సరుకు కాస్త తేడాగా వచ్చింది. ఇలా అయితే వద్దమ్మా అని మీ కోడలితో అన్నాను కూడా. ఆ తర్వాతి వారం నుంచీ మళ్ళీ ముత్యాల్లాంటివి. మీ చెయ్యే చెయ్యి!"

అత్తగారు స్టూలు మీంచి సగం లేచింది. వేసవిలో తేడాగా వచ్చాయా? అంటే కోడలు తను చేసిన చెత్తంతా పిట్ట అంటించి కలిపేసిందన్నమాట!

"ఒక కార్డిలా ఇవ్వండి" అంది.

పసుపు పువ్వున్న కార్డొకటి ఇచ్చాడు. కొత్త జోడులోంచి చూసుకుంది. రేకులు తీరుగా ఉన్నాయి, మడత గీత గీసినట్టుంది. తన పని ఇంత బాగుంటుందని ఆవిడకే తెలియదు. మనసు నిండిపోయింది. ఇంతటి పనితనానికా ఆ పిల్ల మచ్చ తెచ్చింది!

ఇంటికొచ్చేసరికి కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. అత్తగారు అలమారలోంచి పెట్టె దించి, పై అరల్లోని కార్డులు నలిగినా సరేనని బోర్లించి, అడుగు అట్ట సందులో చాకుమొన దూర్చి లేపింది. కింద రహస్యంగా ఇంకో అర. అందులో బొత్తులు బొత్తులుగా కార్డులు. అవే పసుపు పువ్వులు. కానీ రేకులు ఒకదాని మీదొకటి ఎక్కాయి, మడతలు పక్కకి పోయాయి, జిగురు మరకలు కట్టింది. పిట్టలకైతే రెక్కలు సగం తెగిపోయాయి.

"ఏమేవ్! ఇలా రా!"

కేక విని కోడలితో పాటు కొడుకూ పరిగెత్తుకొచ్చాడు. తెరిచిన పెట్టెని చూసి కోడలి మొహం పాలిపోయింది.

"అమ్మా, అవి..." కొడుకు ఏదో అనబోయాడు.

"మీరు ఊరుకోండి" అని కోడలు అతని చెయ్యి పట్టుకుంది. "అవునత్తయ్యా. మీలాగా చెయ్యాలని సరదా పడ్డాను. రాలేదు."

"రాకపోతే నా పిట్ట ఎందుకంటించావు? షాపులో నా పరువు తీసింది నువ్వేనన్నమాట!"

"తప్పయిపోయింది."

"వీటిని ఇప్పుడే చెత్తలో పారెయ్."

"పారెయ్యను." కోడలు ఆ బొత్తుల్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. "మీరు ఇంకేం చెప్పినా చేస్తాను. అదొక్కటీ చెప్పకండి."

కోడలి కళ్ళనీళ్ళు చూసేసరికి అత్తగారి కోపం సగం దిగిపోయింది. కార్ఖానాలో ఎంతమంది పిల్లలకి పని నేర్పలేదు తను! పాపం, ఇదీ పిల్లే కదా. షాపు నుంచి తెచ్చిన కార్డు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఏడవకు. రేపట్నుంచి నా పక్కన కూర్చో. ఆర్నెల్లు ఓపిక పడితే నీ చెయ్యీ ఇలా తిరుగుతుంది."

"అలాగే అత్తయ్యా" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ అడుగు అరలో ఉన్నవన్నీ అత్తగారు చేసినవే.