పదమూడు మెట్లు

"ఆ కుర్చీలో కూర్చోకు," అన్నాడు క్లబ్బు కార్యదర్శి.

వచ్చినాయన లేచాడు. ఎవరి కుర్చీ అని అడగలేదు.

నిజానికి అది ఎవరిదీ కాదు.

ఇంగ్లండులోని బర్న్‌లీ ఊళ్ళో ఆ క్లబ్బు మిల్లు కార్మికులు కట్టుకున్నది. సభ్యులు కానివాళ్ళు లోపలికి రావాలంటే, సభ్యులెవరో ఒకరు తలుపు దగ్గరి పుస్తకంలో వాళ్ళ పేరూ ఊరూ రాసి సంతకం పెట్టాలి. ఈ ముసలాయన తరఫున ఆ సంతకం, క్లబ్బులో బీరు పోసే నొరీన్ పెట్టింది. బయట వాన, పాపం అంది.

కార్యదర్శి క్లిఫర్డ్‌కి 'పాపం' అనే మాటంటేనే మంట.

ఆ వారమంతా అతను మండుతూనే ఉన్నాడు. శనివారం హాలు నిండకపోతే నెలాఖరుకి క్లబ్బుకి తాళం. కమిటీ తేల్చి చెప్పేసింది. పాత హాస్య సీరియల్ 'సముద్రం కనిపించని లాడ్జి'ని పెద్ద తెర మీద వేస్తాననీ, అందులో పనిచేసినవాళ్ళని ఒకరిని పిలిపిస్తాననీ క్లిఫర్డ్ మాటిచ్చాడు. తలుపుకి కాగితం కూడా అంటించాడు. తీరా ఆరా తీస్తే నటులంతా పోయారు. మిగిలిన ఒక్కావిడకి తన పేరే గుర్తులేదు.

"తలుపు మీద కాగితం చూసి వచ్చానండీ," అన్నాడు ముసలాయన.

"టికెట్లు శనివారం. ఇవాళ గురువారం. వారాలు తెలుసుగా?"

"టికెట్టు కోసం కాదు..."

"ఊరికే చూసి పోదామనా? అదీ కుదరదు."

"ఆయన్ని తాగనివ్వు క్లిఫర్డూ," అంది నొరీన్. "నువ్వు వేసేది నవ్వులాటా, శవయాత్రా?"

మూల బల్ల దగ్గర డామినోలు ఆడుతున్నవాళ్ళు పకపకా నవ్వారు. మాట సీరియల్ మీదికి మళ్ళింది. నలభై అయిదేళ్ళ కిందటిది. అయినా ఆ ఒక్క సీను వస్తే చాలు, ఊరంతా పొట్ట పట్టుకుంటుంది. లాడ్జి యజమాని టీ పళ్ళెంతో సహా పైమెట్టు మీంచి కిందిదాకా దొర్లడం. పదమూడు మెట్లు.

"మా నాన్న పళ్ళసెట్టు ఊడి సూపులో పడింది ఆ రోజు," అన్నాడు డామినోల సెడ్రిక్. "నాకిప్పటికీ నవ్వాగదు. ఎందుకో మరి."

"ఎందుకేంటి? వాడు పడ్డాడు, మనం నవ్వాం," అన్నాడు క్లిఫర్డ్.

"పడ్డందుకు కాదండీ."

అందరూ ముసలాయన వైపు తిరిగారు.

"పడుతూ కూడా కప్పులు వదలడు, చూడండి. పై గదిలో దిగిన పొగరుబోతావిడకి టీ అందాలి. ఒళ్ళు హూనమైనా ఫరవాలేదు, పరువు ఒలకకూడదు. అలాంటివాడు మనింట్లోనూ ఒకడుంటాడు. అందుకే ఇంకా నవ్వుతాం."

సెడ్రిక్ మెల్లగా తలూపాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఈ క్లబ్బులో ఆ సీరియల్ గురించి అధికారంగా మాట్లాడేవాడు క్లిఫర్డ్ ఒక్కడే. ఆ తలూపడం అతనికి గుచ్చుకుంది.

"అదే ఆ యజమాని వేషం వేసిన ఫెంబీ గొప్పతనం," అన్నాడు. "హీరో అంటే వాడు. ఆ పడటం స్వయంగా పడ్డాడు. ఒకే ఒక్కసారి తీశారు."

"ఒక్కసారే తీశారు. కానీ ఫెంబీ పడలేదండీ."

"ఏంటీ?"

"ఆయనకి మెట్లంటే భయం. మంచివాడే. పైమెట్టు దాకా నడిచాడు, అంతే."

క్లిఫర్డ్ మొహం కందగడ్డ అయింది.

"నాతో ఆయనే చెప్పాడయ్యా! బ్లాక్‌పూల్లో, ఇదిగో ఈ చెయ్యి పట్టుకుని. వీపంతా కమిలిపోయింది కుర్రాడా అన్నాడు!"

"అలా చెప్పమని పైవాళ్ళు చెప్పారు లెండి. జనం నమ్మాలి కదా. నమ్మితేనే నవ్వొస్తుంది."

"చచ్చినవాణ్ణి అబద్ధాలకోరంటావా? నా క్లబ్బులో కూర్చుని, నా బీరు తాగుతూ?"

"నేనాయన్ని ఒక్క మాట..."

"లే. నడు బయటికి."

"సంతకం పెట్టింది నేను," అంది నొరీన్. "ఆయన నా అతిథి."

"అయితే నీ సంతకం కొట్టేస్తున్నా."

పుస్తకం లాక్కుని ఆ వరస మీద అడ్డంగా, నిలువుగా గీశాడు. పేరూ ఊరూ ఏదీ కనపడనంతగా గీశాడు. కాగితం చిరిగింది.

ముసలాయన టోపీ పెట్టుకున్నాడు. గుమ్మంలో ఆగి ఏదో చెప్పబోయాడు. క్లిఫర్డ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి వానలోకి ఒక్క తోపు తోసి, తలుపేశాడు.

"మనిషివేనా నువ్వు?" అంది నొరీన్.

"శనివారం చూపిస్తా. మెట్టు మెట్టుకీ ఆపి మరీ చూపిస్తా. పడ్డది ఎవడో మీ కళ్ళతో మీరే చూద్దురుగాని."

శనివారం నూటయాభై కుర్చీలు వేశారు. ముప్ఫైమంది వచ్చారు.

"నువ్వు పిలిపిస్తానన్న మనిషి ఏడీ?" అన్నాడు ముందు వరసలోంచి కమిటీ పెద్ద.

"తెర మీదికి వస్తాడు. నోరు మూసుకుని చూడు."

దీపాలార్పారు. ఇళ్ళల్లో చిన్న టీవీ పెట్టెలో రెప్పపాటున అయిపోయే ఆ పడటం, గోడంత తెర మీద నింపాదిగా ఒక్కో మెట్టే దిగసాగింది.

మొదటి మెట్టు మీద వీపు తగిలింది. నాలుగో మెట్టు మీద కాళ్ళు పైకి లేచాయి. ఒక్క కప్పు కూడా జారలేదు. ముప్ఫైమందీ విరగబడి నవ్వుతున్నారు.

"నవ్వింది చాలు. ఇప్పుడు మొహం ఇటు తిరుగుతుంది, చూడండి!" అని గర్వంగా అరిచి, తొమ్మిదో మెట్టు దగ్గర క్లిఫర్డ్ బొమ్మని ఆపాడు.

పళ్ళెం గుండెలకి హత్తుకుని, నలభై అయిదేళ్ళ కిందటి పడుచు మొహంతో, తెర మీంచి తిన్నగా అతని వైపే చూస్తున్నది ఫెంబీ కాదు, గురువారం తను వానలోకి తోసేసిన మనిషి.