గుంట ఎందుకు ఎండుతోందంటే

ఒక గుంట. నీళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నాయ్. కప్ప బుజ్జమ్మకేమో గుండెల్లో గుబులు. తన పిల్లలింకా తోకలేసుకుని ఈదుతున్నాయ్, కాళ్ళు రాలేదు. గుంట ఎండిందా, అంతే సంగతులు!

తాబేలు తాత మీటింగ్ పెట్టాడు. "ముందు అసలు కారణం తేలాలి!"

"పీతల బొరియలే కారణం" అంది గేదె.

"ఆహా, కడుపు పగిలేలా తాగేది ఎవరమ్మా?" అంది పీత.

బాతులు కూడా గొడవలో దూరాయ్. ఇక ఒకటే గోల.

బుజ్జమ్మకి చిర్రెత్తింది. "పీత బావా, నీ బొరియ మూసి చూద్దాం రా." మూశారు. మార్పేం లేదు. "పోన్లే, అది కాదని తెలిసింది. గేదక్కా, గుంటంతా కాకుండా ఈ మూల ఒక్కచోటే పొర్లవా, ప్లీజ్?"

గేదె రోజూ అక్కడే పొర్లింది. ఆ చోటు బాగా లోతైపోయి, మిగిలిన నీళ్ళన్నీ అందులోకి చేరాయ్. బుజ్జమ్మ ఎగిరి గంతేసి పిల్లల్ని అటు తోలేసింది.

కొన్నాళ్ళకి వాటికి కాళ్ళొచ్చాయ్. బిలబిలమంటూ గట్టెక్కి, ఇంకా సాగుతూనే ఉన్న మీటింగ్ మధ్యలోంచి గెంతుకుంటూ పోయాయ్.

"ఎవర్రా మీరు?" కసిరాడు తాబేలు తాత. "పెద్దలం ఇక్కడ కారణం తేలుస్తుంటే కనపడట్లేదా!"