వీరుడి పూర్వకథ

“ముప్పయ్యేళ్ల సర్వీసు నాది! నా వీరుడు మొదటి లెవెల్లో మొదలవడమేంటయ్యా?” పాచికలు బల్లమీద కొట్టాడు ఆఫీసరు.

“ఎవరి పాత్ర వాళ్లు కల్పించుకునే ఈ ఆటలో ఎవరైనా అక్కణ్ణుంచేనండీ. ముందు మీ వీరుడి పూర్వకథ రాయాలి,” అన్నాడు ఆట నడుపుతున్న ఆయన ఆఫీసు గుమాస్తా.

“నువ్వే రాసెయ్. సంతకం పెడతాను.”

గుమాస్తా కసితీరా రాశాడు: ‘వృత్తి: గాడిదలు కాయడం. పూర్వకథ: ఎవడో చంపిన పులి పక్కన నిలబడి మీసం మెలేశాడు.’

ఆఫీసరు కాగితం వంక చూడకుండానే సంతకం గీకాడు. “భేష్! అచ్చం నీ రిపోర్టుల్లాగే ఉంది.”

గుమాస్తా నవ్వు చప్పున చల్లారింది. “అవి... చదివేవారాండీ?”

“చదవడమెందుకయ్యా? నీమీద నమ్మకం!”

ఉద్యోగంలో పదకొండేళ్లుగా మొదటి లెవెలు దాటని గుమాస్తా పాచికలు ఏరి ఆయన ముందు పెట్టాడు.