మోతకి వచ్చిన చేతులు

“పాత రేసు కారు కొనడమంటే ఏనుగుని మేపడమేనని పక్కింటి పిన్నిగారు వీధంతా చాటుతోందట,” అంది భార్య.

“కుళ్ళు! మన కారు మోతకి ఆవిడకి నిద్ర పట్టడంలేదు,” అని నవ్వుతూ అతను కారులో కొండ దిగుతున్నాడు.

మలుపు దగ్గర బ్రేకు ఎంత తొక్కినా కారు ఆగలేదు.

“ఏమండీ, లోయ!”

వెనక సీట్లో పాప కెవ్వుమంది. అతను గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, కారుని పక్కనున్న ఇసుక గుట్టలోకి గుద్దించాడు. కారు ఆగింది. చక్రాల్లోంచి కాలిన వాసన వచ్చింది.

భార్య పాపని హత్తుకుంది. “బ్రేకులు కొత్తవన్నారుగా?”

“కొత్తవే. ఈ కారుకి సరైనవి మండిపోయే ధర. చవకవి వేయించాను.”

“మరి ఆ మోత చేసే పొగగొట్టం?”

“అదా... విదేశం నుంచి తెప్పించాను.”

“మోతకి డబ్బు తియ్యడానికి చేతులొచ్చాయి. మా ప్రాణాల దగ్గరికొచ్చేసరికి రాలేదు.”