మైకు పిన్ని సందేహాలు

కదిలే బస్సులో కండక్టరమ్మకి తుమ్మొచ్చింది.

గబుక్కున కాళ్లు మెలిపెట్టి, టికెట్ల సంచి పొట్టకి అడ్డం పెట్టుకుంది. అయినా బట్ట తడిసింది.

రెండో కాన్పు తర్వాత మొదలైంది ఇది. దగ్గినా అంతే, బస్సు గతుకులో పడినా అంతే. వ్యాయామాలతో తగ్గకపోతే ఉద్యోగం మానేయాలని లోలోపల నిశ్చయించుకుంది.

ఆసుపత్రిలో వారానికోసారి ఆ వ్యాయామాల తరగతి. వరసగా చాపలు, చాపకొకరు చొప్పున ఆడవాళ్లు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు.

"మూత్రం ఆపుకునేటప్పుడు బిగిసే కండరం ఉంటుంది కదా, దాన్ని ఉగ్గబట్టండి. ఐదు లెక్కపెట్టి వదిలేయండి. సందేహాలున్నాయా?" అంది ఫిజియో మేడమ్.

ఒకరు చాప అంచు సర్దుకున్నారు, ఒకరు కొంగు సర్దుకున్నారు.

"నాకుందమ్మా," అంది మూల చాప మీది పెద్దావిడ. "నాకు నవ్వితే కూడా చుక్కలు పడతాయి. మొన్న మా వియ్యపురాలి ముందే పరువు పోయింది. ఏం, మీకెవరికీ పడవా?"

అందరూ తలలు దించుకున్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ పేరు మైకు పిన్ని. పెట్టింది కండక్టరమ్మే.

"ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సిగ్గెక్కడ వదిలేసి వచ్చిందో!" అంది మెట్లు దిగుతూ, పక్క చాప దర్జీ ఆవిడతో.

"ఏం పని చేస్తుందంటావ్?"

"ఆ గొంతుకి సంతలో కూరగాయలు అమ్మాలి."

ఇద్దరూ నవ్వబోయి, భయపడి ఆపుకున్నారు.

అయినా ఈ వారం ఆవిడ ఏమడుగుతుందా అని అందరూ చెవులు రిక్కించేవాళ్లు. నీళ్లు తాగడం తగ్గించాలా? ఇంట్లో ఆయనకి చెప్పాలా? తమ పెదవుల దాకా వచ్చి ఆగినవే ఆవిడ నోట్లోంచి ఊడిపడేవి.

ఐదో వారానికీ కండక్టరమ్మకి గుణం కనిపించలేదు.

"ఇవాళే ఆఖరు. రేపు డిపోలో రాజీనామా ఇచ్చేస్తా," అంది దర్జీ ఆవిడ చెవిలో.

వ్యాయామం మధ్యలో మైకు పిన్ని చేయెత్తింది. చూపు మాత్రం కందిపోయిన కండక్టరమ్మ ముఖం మీదే ఉంది.

"ఉగ్గబట్టమంటే నేనైతే ఊపిరే ఉగ్గబట్టేస్తున్నానమ్మా. తప్పా?"

కండక్టరమ్మ బుగ్గల్లోని గాలి బుస్సుమని బయటికొచ్చింది.

"అయ్యో, ఊపిరి మామూలుగా తీసుకోవాలి! ఊపిరి బిగిస్తే ఆ ఒత్తిడంతా కిందికే నెడుతుంది. కింది కండరాన్ని మాత్రమే లోపలికి, పైకి లాగాలి," అంది మేడమ్.

ఐదు వారాలుగా తను చేస్తున్నది ఆ తప్పే.

రాజీనామా ఆగింది.

మూడో నెలలో ఒక సాయంత్రం, మార్చుకోవడానికి తీసుకెళ్లిన బట్ట మడత విప్పకుండానే ఇల్లు చేరింది కండక్టరమ్మ. ఆ మాట ముందు మైకు పిన్నికే చెప్పాలనిపించింది.

తీరా తరగతికి వెళ్తే మూల ఖాళీగా ఉంది.

"మైకు... అదే, ఆ పిన్నిగారు రాలేదేం మేడమ్? ఆవిడకీ తగ్గిపోయిందా?"

"నిన్నటితో రిటైరైంది. పొద్దున్నే ఊరెళ్లిపోయింది."

"రిటైరా? ఎక్కడ పనిచేసేవారు?"

"ఇక్కడే. రోజూ తెల్లారకముందే ఈ గది ఊడ్చేది."

"మరి ఆవిడ జబ్బు?"

మేడమ్ చిన్నగా నవ్వింది.

"మీ ముందు బ్యాచ్ వాళ్లు సిగ్గుతో ఏమీ అడగలేక ఒక్కొక్కరే మానేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసింది. మీరు వచ్చిన రోజున, ఏ జబ్బూ లేని ఆవిడ తనకీ ఒక చాప పరుచుకుంది."